ఎంఆర్‌ఐ హీలియం కంప్రెసర్ ట్రిప్ అవుతోందా? ముందు మేడెక్కండి

లక్షణం: రాత్రంతా బాగానే ఉంటుంది. పొద్దున పదకొండు దాటాక, స్కానర్ మాగ్నెట్‌ను చల్లగా ఉంచే హీలియం కంప్రెసర్ ఆగిపోతుంది. రీసెట్ కొడితే గంట నడిచి మళ్లీ ఆగుతుంది. మాగ్నెట్ గదిలో సెకనుకోసారి వినపడే కోల్డ్‌హెడ్ (హీలియాన్ని చల్లబరిచే భాగం) చప్పుడు ఉండదు. మాగ్నెట్ ప్రెషర్ మెల్లగా ఎక్కుతుంటుంది.

మే నెల వస్తే విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల నుంచి నాకొచ్చే ఫోన్లు ఎక్కువగా ఇవే. అందరిదీ ఒకటే మాట: "కోల్డ్‌హెడ్ పోయినట్టుంది సార్." పోలేదు. కోల్డ్‌హెడ్ అంటే లక్షలతో పని. మేడ మెట్లెక్కడానికి డబ్బులక్కర్లేదు, అయినా ఎవరూ ఎక్కరు.

మాగ్నెట్‌లోని నియోబియం టైటానియం తీగ 9.2 కెల్విన్ దాటితే సూపర్‌కండక్టర్‌గా ఉండదు. అందుకే దాన్ని 4.2 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గరుండే ద్రవ హీలియంలో ముంచుతారు. ఆవిరైన హీలియాన్ని మళ్లీ ద్రవం చేసేది కోల్డ్‌హెడ్, దాన్ని నడిపేది కంప్రెసర్. ఆ చలి దగ్గర 1 వాట్ వేడి తీయడానికి కంప్రెసర్ సుమారు 7 కిలోవాట్ల కరెంటు తింటుంది. ఆ 7 కిలోవాట్లూ చివరికి వేడిగా మారి, మేడ మీదున్న చిల్లర్ (నీళ్లను చల్లబరిచి పంపే యంత్రం) నీళ్లలోకే పోవాలి. నీళ్లు సరిగా రాకపోతే కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగుతుంది. అది రోగం కాదు, జ్వరం.

కాబట్టి ముందు చిల్లర్. కండెన్సర్ ఫిన్స్ (వేడిని గాలిలోకి వదిలే రేకులు) మీద దుమ్ము చూడండి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కలైతే బ్రష్ పట్టుకునే ముందు మాస్కు పెట్టుకోండి, లేకపోతే తుమ్ములతోనే సాయంత్రమవుతుంది. నీళ్లలో చెత్త పట్టే జాలీ, అంటే స్ట్రెయినర్, విప్పి కడగండి, ట్యాంకులో నీళ్ల మట్టం చూడండి. ఇది మీకు తెలిసిన పనే, చేయరంతే.

ఇవన్నీ చేశాక కూడా ట్రిప్ అయితే, నన్ను రెండు వారాలు తిప్పిన కారణం చెప్తాను.

విజయవాడలో ఒక ఆసుపత్రి. చిల్లర్ డిస్‌ప్లే మీద నీళ్లు 20 డిగ్రీలు, అలారం లేదు. పంపు నడుస్తోంది. గేజి ముల్లు లేచే ఉంది, అయితే అంతకుముందు ఎంత ఉండేదో ఎవరూ రాసిపెట్టలేదు. నీళ్లు మరీ తగ్గితే చెప్పాల్సిన ఫ్లో స్విచ్ కూడా కిక్కురుమనలేదు. నేను హీట్ ఎక్స్‌చేంజర్‌కు డీస్కేలింగ్ (లోపల పట్టిన పాచి, గార తీయడం) చేయించాను, ఫ్లో స్విచ్ మార్పించాను, సెన్సర్‌ను అనుమానించాను. చివరికి కంప్రెసర్ వెనక రెండు పైపులకూ థర్మామీటర్ కట్టి చూస్తే లోపలికి 20, బయటికి 40.

లెక్క వేయండి. 7 కిలోవాట్ల వేడికి నిమిషానికి 10 లీటర్ల నీళ్లు పోతే తేడా 10 డిగ్రీలుండాలి. 20 ఉందంటే నీళ్లు సగమే వస్తున్నాయి. మేడ మీదికెళ్లి రిటర్న్ పైపు కింద బకెట్ పెట్టి, ఫోన్లో టైమర్ పెట్టాను. నిమిషానికి 5 లీటర్లు.

అక్కడున్న ఎలక్ట్రీషియన్‌ను అడిగాను, పెద్దాయన. "పంపుకేం చేశారు బాబాయ్?"

"నవంబర్లో మోటారు కాలితే ఆటోనగర్‌లో రివైండింగ్ చేయించి బిగించాం. తిరుగుతూనే ఉంది కదండీ."

"తిరుగుతోంది. ఎటు తిరుగుతోంది?"

స్విచ్ ఆపించి, ఫ్యాన్ కవర్ సందులోంచి రెక్కలు ఆగేదాకా చూశాను. తర్వాత పంపు బాడీ మీద జిడ్డును గుడ్డతో తుడిస్తే బాణం గుర్తు బయటపడింది. రెండూ ఎదురెదురు. టెర్మినల్ బాక్సులో రెండు ఫేజులు తారుమారయ్యాయి.

సెంట్రిఫ్యూగల్ పంపుతో చిక్కు ఇదే. వెనక్కి తిరిగినా నీళ్లు ముందుకే తోస్తుంది, కాకపోతే తక్కువగా. చప్పుడు మారదు, ముల్లు సున్నాకి పడదు. చలికాలమంతా అలాగే నెట్టుకొచ్చి, ఎండలు ముదిరాక బయటపడింది. ఫేజుల వరుస తప్పితే పట్టుకోవాల్సిన చిల్లర్‌లోని ఫేజ్ రిలే దీన్ని పట్టుకోదు, ఎందుకంటే దానికి వచ్చే కరెంటు సక్రమంగానే ఉంది. తప్పు మోటారు మూత కింద ఉంది. మెయిన్ ఆఫ్ చేసి రెండు వైర్లు మార్చాం, పది నిమిషాల పని. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి కనుక్కున్నా: లోపలికి 20, బయటికి 30.

జనరేటర్ మీద ఉన్నప్పుడు మాత్రమే ఇబ్బంది వస్తుంటే మోటారు జోలికి పోకండి, చేంజోవర్ (కరెంటును జనరేటర్‌కు మార్చే స్విచ్) దగ్గర జనరేటర్ వైపు ఫేజ్ వరుస చూపించండి. ఇంకో మాట, ట్రిప్ అయిన ప్రతిసారీ రీసెట్ కొడుతూ కూర్చోవద్దు. ముందు నీళ్లు, తర్వాతే కంప్రెసర్.

మిగతావి అరుదు. యాడ్జార్బర్ (కంప్రెసర్ హీలియంలోని ఆయిల్ ఆవిరిని పట్టే ఫిల్టర్) గడువు దాటిందేమో గంటల మీటరు చూస్తే తెలుస్తుంది. నీళ్లు సరిగా ఉండి, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, కోల్డ్‌హెడ్ చప్పుడు గరగరగా మారి ప్రెషర్ ఎక్కుతుంటే అప్పుడు కోల్డ్‌హెడ్ మాట ఎత్తండి. మాగ్నెట్ బయటి తొడుగు మీద మంచు కనపడితే వాక్యూమ్ పోయి ఉండొచ్చు. అది మన పని కాదు. వాక్యూమ్ పోతే హీలియం వేగంగా మరుగుతుంది. 1 లీటరు ద్రవ హీలియం సుమారు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, అది గదిలోకి వస్తే ఊపిరికి గాలి మిగలదు. పేషెంటునీ స్టాఫునీ బయటికి తెచ్చి, ఆ తర్వాత మాగ్నెట్ కంపెనీకి ఫోన్ చేయండి.