శివరాత్రి జాగరణ: యోగసాధకులు ఎలా చేయాలి?

జన్మకో శివరాత్రి అంటారు మన పెద్దలు. ఆ రాత్రిని వరసగా మూడు సినిమాలతో గడిపేయడం చూస్తే నాకు బాధేస్తుంది. గీత రెండో అధ్యాయం చెప్పే మెలకువ అది కాదు: "యా నిశా సర్వభూతానాం తస్యాం జాగర్తి సంయమీ". అందరికీ రాత్రి అయినచోట సంయమి, అంటే ఇంద్రియాలను అదుపులో పెట్టుకున్నవాడు, మేలుకొని ఉంటాడు.

మాఘ బహుళ చతుర్దశి నాడు చంద్రుడు సన్నని రేఖగా మిగులుతాడు. పురుషసూక్తం చంద్రుణ్ణి మనసుతో ముడిపెట్టింది కాబట్టి, మనసు కూడా పలచబడే రాత్రి ఇదని సాధకుల నమ్మకం.

పగలు: ఒక్కపొద్దు ఉండండి. పాలు, పండ్లు, ఉడికించిన చిలగడదుంప చాలు. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం చేయొద్దు.

మొదటి జాము (6 నుంచి 9): అభిషేకం, పైకి వినబడేలా పంచాక్షరి. తర్వాత మార్జాలాసనం (పిల్లిలా నడుము పైకీ కిందికీ వంచడం), పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి ముందుకు వంగడం) నెమ్మదిగా వేయండి. రాత్రంతా కూర్చోవాల్సింది నడుమే కదా.

రెండో జాము (9 నుంచి 12): కుంభకం (ఊపిరి బిగబట్టడం) లేకుండా నాడీశోధన (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీయడం) చేసి, ఊపిరిని గమనిస్తూ కూర్చోండి. ఉపవాసంతో నీరసంగా ఉన్నప్పుడు భస్త్రిక (వేగంగా, బలంగా ఊపిరి తీసి వదలడం) వద్దు. యోగశాస్త్రంలో ఊపిరికి హంస అని పేరు: "హ" అంటూ బయటికి, "స" అంటూ లోపలికి. రోజుకు 21,600 సార్లు మనం అడగకుండానే జరిగే జపం ఇది.

లింగోద్భవ కాలం (అర్ధరాత్రి): శివుడు అగ్నిస్తంభంగా వెలిసినప్పుడు దాని కొస చూడటానికి బ్రహ్మ హంసగా పైకి వెళ్లాడు, విష్ణువు వరాహమై కిందికి వెళ్లాడు. ఇద్దరికీ అంతు దొరకలేదు. నాకు ఈ కథలో ఆ హంస మన ఊపిరిలాగే కనిపిస్తుంది. అందుకే ఈ కాసేపు జపం, లెక్క, ముద్ర అన్నీ వదిలేయండి. దేన్నీ వెతకకండి. శ్రీశైలంలో ఈ వేళ దీపాలన్నీ ఆర్పేసి, ఏడాదంతా రోజుకో మూర చొప్పున నేసిన పాగాను ఆ చీకట్లోనే మల్లన్న శిఖరానికి, నందులకు చుడతారు. మీ గదిలో కూడా లైటు ఆర్పి, వెన్ను నిటారుగా పెట్టి ఊరికే కూర్చోండి. కనీసం ఇరవై నిమిషాలు.

మూడో జాము (12 నుంచి 3): అసలు కష్టమంతా ఇక్కడే. శవాసనం మాత్రం వేయకండి, నిద్ర పట్టేస్తుంది. గోడకు ఆనుకోవద్దు. కళ్లు మూతలు పడుతుంటే చన్నీళ్లతో మొహం కడుక్కుని, డాబా మీద నడుస్తూ జపం చేయండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి.

నాలుగో జాము (3 నుంచి 6): బ్రహ్మముహూర్తం ఇందులోనే వస్తుంది. అలసట వల్ల ఆలోచనలు కూడా సద్దుమణుగుతాయి కనుక ధ్యానం తేలిగ్గా కుదురుతుంది. రాత్రంతా ఉండలేనివాళ్లు లింగోద్భవ వేళా, ఈ జామూ మేలుకున్నా మంచిదే.

తెల్లవారాక స్నానం, పూజ చేసుకుని తేలికపాటి భోజనంతో పారణ చేయండి, అంటే ఉపవాసం విరమించండి. ఆ ఉదయం మాత్రం బండి నడపకండి, పడుకోండి.