క్లినిక్ వెబ్‌సైట్ ఉంది, పేషెంట్లకు పనికిరావట్లేదు: లోపం ఎక్కడ, సరిచేయడం ఎలా

క్లినిక్ సైట్ల పని మీద నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "సైట్ పాతబడిపోయిందండీ, కొత్తది చేసిపెట్టండి." ఎక్కడ నొప్పో చెప్పకుండా ఆపరేషన్ చేసేయమన్నట్టు ఉంటుంది. నిజానికి కొత్త సైట్ అవసరమయ్యేది తక్కువ మందికే. ఉన్న సైట్‌లోనే ఒకటి రెండు చోట్ల ఏదో తెగిపోయి ఉంటుంది.

అందుకే సైట్ తెరవక ముందు రిసెప్షన్‌లో ఒక కాగితం పెట్టిస్తాను. ఫోన్ ఎత్తేవాళ్లు ఒక వారం పాటు ప్రతి ప్రశ్నకూ ఒక గీత గీయాలి. "డాక్టర్ గారు ఉన్నారా?" ఒక గీత. "ఆదివారం చూస్తారా?" ఇంకో గీత. "స్కానింగ్‌కి ఏమీ తినకుండా రావాలా?" మరోటి. వారం తర్వాత ఆ కాగితమే సైట్‌కి టెస్ట్ రిపోర్ట్. గీతలు ఎక్కడ ఎక్కువున్నాయో అక్కడ సైట్ నోరు మెదపడం లేదని లెక్క. కింద రాసినవన్నీ ఇలాంటి కాగితాల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించినవే.

సైట్ చూసి కూడా టైమింగ్స్ కోసం ఫోన్ చేస్తున్నారు

సమాచారం సైట్‌లో లేక కాదు, ఉంటుంది. "మా గురించి" పేజీలో మూడో పేరాలోనో, ఎప్పుడో చేయించిన పోస్టర్ బొమ్మలోనో ఉంటుంది. ఆ పోస్టర్‌ని ఫోన్‌లో చూస్తే అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. అందులోని నంబర్ మీద వేలు పెడితే కాల్ వెళ్లదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అది ఉత్త బొమ్మ. టైమింగ్స్, అడ్రస్, ఫోన్ నంబర్ ఎప్పుడూ టైప్ చేసిన అక్షరాల్లోనే ఉండాలి. నంబర్ తాకితే కాల్ కలవాలి, అడ్రస్ తాకితే మ్యాప్ తెరుచుకోవాలి.

ఒక క్లినిక్ సైట్‌లో హోమ్ పేజీ పైనే పెద్ద అక్షరాల్లో "ఉదయం 10 గంటల నుంచి" అని ఉంది. ఎప్పటివరకో లేదు. వాళ్ల కాగితంలో ఎక్కువ గీతలు "ఇప్పుడు బయల్దేరితే చూస్తారా?" అన్న ప్రశ్న కిందే పడ్డాయి. ఆ లైన్‌ని "ఉదయం 10 నుంచి 1:30 వరకు. ఆఖరి పేషెంట్‌ని 1 గంటకు తీసుకుంటాం" అని మార్చాం. ఆ ప్రశ్న బాగా తగ్గింది. కోడ్‌లో మార్చింది ఏమీ లేదు, ఒక వాక్యం పూర్తి చేశామంతే.

డాక్టర్ సెలవు పెట్టిన రోజు సంగతి వేరే. పేజీ పైన ఒక నోటీసు లైన్ ఉంచండి, దాన్ని రిసెప్షన్ వాళ్లే తమ ఫోన్ నుంచి మార్చగలగాలి. దానికోసం డెవలపర్‌ని పిలవాల్సి వస్తే ఆ లైన్ ఎప్పటికీ మారదు. పోయిన సంవత్సరం సెలవు నోటీసు ఇంకా వేలాడుతున్న సైట్లు నేను చాలానే చూశాను.

ఇందులోనే ఇంకో చిన్న లోపం ఉంది. "గ్యాస్ట్రోఎంటరాలజీ", "నెఫ్రాలజీ" అని డిపార్ట్‌మెంట్ల పేర్లు వరసగా పెట్టేస్తారు. వచ్చేవాళ్లకు తెలిసింది కడుపులో మంట, కాళ్ల వాపు. ఏ డాక్టర్ దేనికి చూస్తారో మామూలు మాటల్లో ఒక వాక్యం రాసి, పక్కన ఆ శాఖ పేరు పెట్టండి.

ఫారం నింపామంటున్నారు, మనకేమీ రాలేదు

అన్నిటికంటే నేను భయపడే లోపం ఇదే. ఎందుకంటే ఇది ఎవరి కంటికీ కనపడదు. ఒకచోట ఒక పెద్దాయన సరిగ్గా చెప్పిన టైమ్‌కి వచ్చి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించారు. "మీ అపాయింట్‌మెంట్ నమోదైంది" అని ఉంది. రిజిస్టర్‌లో ఆయన పేరు లేదు. వెతికితే తేలిందేమిటంటే, ఫారం మెయిళ్లు ఎప్పుడో ఉద్యోగం మానేసిన మేనేజర్ మెయిల్‌బాక్స్‌కి వెళ్తున్నాయి. పాస్‌వర్డ్ సంపాదించి తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. అన్నీ స్పామ్‌లో, ఒకదాని కింద ఒకటి.

స్పామ్‌లోకి ఎందుకు పోతాయంటే, చాలా ఫారాలు పేషెంట్ టైప్ చేసిన మెయిల్ అడ్రస్‌నే పంపినవారి అడ్రస్‌గా పెట్టి పంపుతాయి. అందుకునే సర్వర్ దాన్ని అనుమానిస్తుంది: ఈ జీమెయిల్ అడ్రస్ తరఫున మెయిల్ పంపే హక్కు ఈ వెబ్‌సైట్‌కి ఎక్కడిది? ఈ తనిఖీకి వాడేవే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే రికార్డులు. జీమెయిల్ అయితే 2024 ఫిబ్రవరి నుంచి, తనకు మెయిల్ పంపేవాళ్లందరికీ ఈ రెంటిలో కనీసం ఒకటి ఉండాలని నియమం పెట్టింది. అప్పటిదాకా ఎలాగో నడిచిన ఫారాలకు అక్కడ గండి పడొచ్చు.

సరిచేయడానికి ఒక గంట చాలు. పంపినవారి అడ్రస్ క్లినిక్ సొంత డొమైన్‌ది, అంటే మీ సైట్ పేరుతో ముగిసేది, పెట్టండి, పేషెంట్ అడ్రస్‌ని రిప్లై-టు (జవాబు వెళ్లే అడ్రస్) గడిలోకి మార్చండి. హోస్టింగ్ సర్వర్ (సైట్ ఉండే కంప్యూటర్) నుంచి నేరుగా కాకుండా ఎస్ఎంటీపీ ద్వారా, అంటే మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయి పంపే పద్ధతిలో, పంపండి. డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ చేర్చండి. మెయిల్ ఒక మనిషి పేరు మీద కాకుండా, రిసెప్షన్‌లో ఎవరున్నా తెరిచే మెయిల్‌బాక్స్‌కి రావాలి. మెయిల్ దారి తప్పినా వెతుక్కోవడానికి, ప్రతి ఫారం కాపీ సైట్‌లో కూడా పాస్‌వర్డ్ వెనకాల సేవ్ అవ్వాలి. వారానికొకసారి మీరే ఒక ఫారం నింపి, వచ్చిందో లేదో చూసుకోండి.

ఇక ఆ "నమోదైంది" అన్న మాట. అది అబద్ధం. "మీ వివరాలు అందాయి. మేము ఫోన్ చేసి టైమ్ చెప్పాకే అపాయింట్‌మెంట్ ఖాయం" అని రాయండి.

ఫారాన్ని సగంలో వదిలేసి పోతుంటే గడులు ఎక్కువై ఉంటాయి. పేరు, ఫోన్ నంబర్, ఏ రోజు రావాలనుకుంటున్నారు. ఈ మూడు చాలు. జబ్బు వివరాలు అడగకండి. మిగతావి ఎలాగూ ఫోన్‌లో అడుగుతారు, పైగా ఒకరి జబ్బు సంగతి నలుగురు తెరిచే మెయిల్‌బాక్స్‌లో పడి ఉండటం మంచిది కాదు. ఇంకో కారణం కూడా ఉంది. గడి ఉంటే జనం అందులో రాస్తారు. రాత్రి రెండింటికి "ఛాతీలో బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయి" అని రాసి జవాబు కోసం కూర్చున్నవాళ్లున్నారు. ఫారం పైనే, బటన్ కంటే ముందు, స్పష్టంగా ఉండాలి: "అత్యవసరమైతే ఫారం నింపకండి, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి." ఆ నంబర్ కూడా తాకితే కలవాలి.

ప్రకటనల కోసం సైట్‌లో పెట్టే ట్రాకింగ్ పిక్సెల్ అనే చిన్న కోడ్ ముక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరు ఏ జబ్బు పేజీ చూశారో, ఎక్కడ అపాయింట్‌మెంట్ నొక్కారో అది ప్రకటనల కంపెనీకి చేరవేయగలదు. అమెరికాలో గుడ్ఆర్ఎక్స్ అనే సంస్థ వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ఇలా ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకు పంచుకుందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెట్టింది. 15 లక్షల డాలర్ల జరిమానాతో అది తేలింది. ఫారం ఉన్న పేజీల్లో, జబ్బుల పేజీల్లో పిక్సెల్ ఉంటే తీసేయండి. ఎవరు పెట్టారో గుర్తులేదంటారు చాలామంది. అలాంటప్పుడు తీసేయడానికి ఆలోచించక్కర్లేదు.

తెల్ల తెర, తిరుగుతున్న చక్రం

ఆఫీసు వైఫైలో, పెద్ద మానిటర్ మీద సైట్ చకచకా తెరుచుకుంటుంది. బయట, సిగ్నల్ ఒక గీత ఉన్నచోట, పాత ఫోన్‌లో తెరిచి చూడండి. గూగుల్ చెప్పే లెక్క ప్రకారం పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే పేజీలో సైట్ అడ్రస్ వేస్తే మీది ఎంతో చెబుతుంది, ఉచితమే.

దోషి సాధారణంగా ఫొటో. కెమెరామన్ ఇచ్చిన 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 పిక్సెళ్ల వెడల్పు. చాలా ఫోన్ల తెర వెడల్పు 1080 పిక్సెళ్లే. గుక్కెడు నీళ్లడిగినవాడికి ట్యాంకర్ పంపినట్టు. 1600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లో సేవ్ చేయండి. తర్వాతి దోషి స్లైడర్. ఐదు పెద్ద ఫొటోలు వరసగా జరుగుతుంటాయి, రెండోది వచ్చేసరికే పేషెంట్ కిందికి వెళ్లిపోయి ఉంటాడు. ఒక్క ఫొటో ఉంచి మిగతావి తీసేయండి. చాట్ బుడగలు, షేర్ బటన్లు, తెరవగానే మోగే వీడియో కూడా అంతే.

"కాల్" నొక్కబోతే ఇంకేదో తెరుచుకుందని ఎవరైనా చెబితే, అదీ ఫొటోల పనే. కొలతలు ఇవ్వని ఫొటో ఆలస్యంగా వచ్చి, వేలు కింద ఉన్న బటన్‌ని పక్కకు తోస్తుంది. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే దాని చోటు ఖాళీగా ఆగి ఉంటుంది.

గూగుల్‌లో వెతికితే కనపడట్లేదు

క్లినిక్ పేరు పూర్తిగా టైప్ చేసినా సైట్ రాకపోతే, మొదట నోఇండెక్స్ (ఈ సైట్‌ని వెతుకులాటలో చూపించొద్దనే గుర్తు) ఉందేమో చూడండి. సైట్ తయారవుతున్నప్పుడు గూగుల్ చూడకుండా డెవలపర్ గడియ పెడతాడు, పని అయ్యాక తీయడం మర్చిపోతాడు. వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద ఒక టిక్ మార్కు, అంతే. ఆ టిక్ తీసేసి, సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ టూల్‌లో హోమ్ పేజీని మళ్లీ చూడమని అడగండి.

కొత్త డిజైన్ తర్వాత ఉన్నట్టుండి రాకపోకలు పడిపోతే, పాత పేజీల అడ్రసులు మారిపోయి ఉంటాయి. ప్రతి పాత అడ్రస్ నుంచి దానికి సరిపడే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లింపు) పెట్టాలి. అన్నిటినీ కలిపి హోమ్ పేజీకి తోసేయడం పరిష్కారం కాదు.

పేరు కొడితే వస్తోంది, "దగ్గర్లో పిల్లల డాక్టర్" అంటే రావట్లేదా? అప్పుడు సైట్ కంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్‌లో కనపడే క్లినిక్ వివరాలు) ముఖ్యం. అక్కడ ఒక పేరు, సైట్‌లో ఇంకో పేరు, మారిపోయిన పాత అడ్రస్‌తో మరో ప్రొఫైల్. ఇలా మూడు ముక్కలుగా ఉంటే గూగుల్‌కే కాదు, పేషెంట్‌కీ అయోమయమే. పేరు, అడ్రస్, నంబర్ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. మ్యాప్ పిన్ వెనక సందులో కాకుండా గేటు దగ్గర ఉందో లేదో నడిచి వెళ్లి చూడండి.

"సురక్షితం కాదు" అని వస్తోంది

సైట్‌కీ ఫోన్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని గుప్తంగా ఉంచే సర్టిఫికెట్ గడువు అయిపోయింది, లేదా అసలు లేదు. 2018 జులై నుంచి క్రోమ్, హెచ్‌టీటీపీఎస్ (ఆ సర్టిఫికెట్‌తో నడిచే సురక్షిత కనెక్షన్) లేని ప్రతి సైట్ మీదా ఈ ముద్ర వేస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉచితమే కానీ 90 రోజులకు మించి ఉండదు. దానంతటదే రెన్యువల్ అయ్యేలా పెట్టమని హోస్టింగ్ వాళ్లకు చెప్పండి.

తెల్లారేసరికి సైటే లేదు

డొమైన్ రెన్యువల్ మర్చిపోయారు. దాంతోపాటు క్లినిక్ మెయిల్ కూడా ఆగిపోతుంది. డాట్ కామ్ లాంటి పేర్లకు డిలీట్ అయ్యాక కూడా 30 రోజుల రిడెంప్షన్ (తిరిగి దక్కించుకునే) గడువు ఉంటుంది, ఫీజు మాత్రం గట్టిగా పడుతుంది. అసలు చిక్కు ఆ డొమైన్ పాత డెవలపర్ పేరు మీద ఉంటే. అతను ఫోన్ ఎత్తేంతవరకూ మీ చేతుల్లో ఏమీ ఉండదు. సైట్ బాగున్న ఈ రోజే లాగిన్ అయి, యజమానిగా ఎవరి పేరు, ఎవరి మెయిల్ ఉందో చూసుకోండి.

చూస్తున్నారు, చదువుతున్నారు, రావట్లేదు

సైట్‌లో నవ్వుతున్న డాక్టర్ ఫొటో ఎక్కడో కొన్నది. అదే ముఖం ఇంకో ఊళ్లో పళ్ల డాక్టర్ సైట్‌లోనూ నవ్వుతూ ఉంటుంది. డయాబెటిస్ మీద వ్యాసం ఎవరు రాశారో ఉండదు, ఎప్పుడు రాశారో ఉండదు. పేషెంట్ దేన్ని చూసి నమ్మాలి? మీ డాక్టర్ నిజం ఫొటో, చదువు, రిజిస్ట్రేషన్ నంబర్, ఏయే భాషల్లో మాట్లాడగలరు, ఇవి పెట్టండి. ఫొటో కాస్త మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. వ్యాసం ఉంచితే చూసిన డాక్టర్ పేరు, చూసిన తేదీ ఉండాలి. "నూటికి నూరు శాతం నయం" లాంటి మాట ఎక్కడున్నా ఈ రోజే తీసేయండి.

నన్నడిగితే వ్యాసాలే అక్కర్లేదు. ఎండోస్కోపీకి ముందు ఎన్ని గంటలు ఏమీ తినకూడదు, బీపీ మాత్ర ఆ రోజు వేసుకోవాలా, వెంట మనిషి రావాలా, పాత రిపోర్టులు తేవాలా. ఇవి మీ డాక్టర్ చేతే చెప్పించి ఒక పేజీలో రాయండి. గీతల కాగితంలో ఇలాంటి ప్రశ్నలు ఎన్నున్నాయో చూస్తే మీకే తెలుస్తుంది.

పెద్దవాళ్లు చదవలేకపోతున్నారు

లేత బూడిద రంగు అక్షరాలు, తెల్ల నేపథ్యం. డిజైనర్‌కి ముచ్చట, డెబ్బై ఏళ్లవాళ్లకు టెన్షన్. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలి. అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గకూడదని నా పట్టుదల. రెండు వేళ్లతో జూమ్ చేయనివ్వని సైట్లు కూడా కొన్ని ఉంటాయి. అది డెవలపర్ పెట్టిన ఒక్క లైన్, తీయించేయండి.

అంతా సరిచేశాక, డాక్టర్ గారికి నచ్చలేదు

ఇది ప్రతిసారీ వస్తుంది. "మరీ సాదాగా ఉందే, ఆ జరిగే ఫొటోలేవి?" అంటారు. వాదించకండి. ఆయన ఫోన్ తీసుకుని వైఫై ఆపేసి, క్లినిక్ ఆదివారం ఎన్నింటి వరకు ఉంటుందో పాత సైట్‌లో వెతకమనండి. తర్వాత అదే పని కొత్త దాంట్లో చేయమనండి. పక్కన రిసెప్షన్ వాళ్లుంటే ఇంకా మంచిది, వాళ్ల దగ్గర ఆ గీతల కాగితం ఉంటుంది.