శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బస్సెక్కే ముందు

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి తీసుకెళ్లే ఆర్టీసీ పుష్పక్ బస్సు దగ్గరికి వెళ్లేలోపే పాస్‌పోర్టు, నగలు, డబ్బు చేతిసంచిలోకి మార్చుకోండి. ఆ సంచి ఒళ్లోనే ఉండాలి. పైన అరలో వద్దు, కాళ్ల దగ్గరా వద్దు.

పెద్ద పెట్టెల సంగతి. నల్ల సూట్‌కేసులన్నీ ఒకేలా ఉంటాయి, పొరపాటున ఇంకొకరు దింపుకుపోతారు. మా అమ్మ పిడికి ఎర్ర రిబ్బను రెండు ముళ్లు వేసి కడుతుంది. అంతకంటే మంచి గుర్తు నేను చూడలేదు. జనం ఎక్కువగా దిగే స్టాపుల్లో ఒకసారి తలెత్తి చూసుకోండి.

ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా?

రాత్రి విమానమైతే నిద్ర ముంచుకొస్తుంది. ఎక్కడ దిగాలో బస్సు సిబ్బందికి ముందే చెప్పండి. ఇంటివాళ్లకు బస్సు నంబరు పంపి, స్టాపుకే రమ్మనండి. ఎవరైనా ఇబ్బంది పెడితే మొహమాటపడకండి: గట్టిగా అరవండి, 112కి ఫోన్ చేయండి.

బస్సు పూర్తిగా ఆగాకే సీట్లోంచి లేవండి.