మూర్ఖత్వానికి ఒక చిట్టా

ముప్పై నాలుగేళ్ళు జమాఖర్చుల లెక్కల పుస్తకాలు రాసి బతికాను. ఉద్యోగ విరమణ తర్వాత చేయి ఊరుకోక, నా తెలివితక్కువ పనులకే ఒక చిట్టా తెరిచాను. ఇప్పటికి ఏడేళ్ళయింది, రెండు నోటుపుస్తకాలు నిండాయి. అలాంటిది మీరూ రాసుకోవాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. దీంతో మూర్ఖత్వం పోతుందని మాత్రం ఆశించకండి. నాది పోలేదు. ఏ మూల దాక్కుంటుందో తెలిసింది, అంతే.

గీతల పుస్తకం, పెన్ను చాలు. ఫోను వద్దు, పెన్సిలు వద్దు. రెండింటిలోనూ చెరిపేయడం మరీ తేలిక. లెక్కల్లో తప్పు పడితే పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి సంతకం పెడతాం. ఇక్కడా అంతే. పేజీ చింపకూడదు.

ఎడమ పేజీలో పని మొదలుపెట్టకముందు మీరేమనుకున్నారో రాయండి, కుడి పేజీలో ఏం జరిగిందో రాయండి. ఎడమ పేజీ ముందే పూర్తి కావాలి. ఇందులో మినహాయింపు లేదు. పని చెడ్డాక రాస్తే "నాకు మొదటి నుంచీ అనుమానమే" అని చేయి దానంతటదే రాసేస్తుంది. డార్విన్ తన ఆత్మకథలో ఇలాంటి నియమం ఒకటి చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి ఎదురు వచ్చే విషయం కనబడితే వెంటనే రాసిపెట్టుకునేవాడట. అనుకూలమైన వాటికన్నా అలాంటివే త్వరగా మరుపున పడతాయని గమనించాడు. అంతటివాడికే మరుపు వస్తే మనమెంత?

నా పుస్తకంలోని ఒక పద్దు చూపిస్తాను. మా మనవరాలి బడిసంచీ జిప్పు పాడైంది. రన్నరు ఈ కొస నుంచి ఆ కొసకు చక్కగా పోతోంది, దాని వెనకే పళ్ళు విడిపోతున్నాయి. "పళ్ళు గరుకెక్కాయి, కొవ్వొత్తి రుద్దితే సరి" అని ఎడమ పేజీలో రాశాను. నాలుగు రోజులు రుద్దాను. సంచీకి మైనం వాసన పట్టింది తప్ప లాభం లేదు. ఐదో రోజు ఆ పిల్ల పక్కన కూర్చుని, "తాతయ్యా, అసలు జిప్పు ఎలా పడుతుంది?" అంది.

"రన్నరు పళ్ళను నొక్కుతుంది కదమ్మా."

"నొక్కితే ఎందుకు అతుక్కుంటాయి? మళ్ళీ లాగితే ఎందుకు ఊడతాయి?"

బొమ్మ వేసి చూపిద్దామని కాగితం తీశాను. రెండు వరుసలు గీశాక పెన్ను ఆగిపోయింది. అరవై ఏళ్ళుగా జిప్పులు లాగుతున్నవాణ్ణి, ఒక్క పన్ను ఆకారం గీయలేకపోయాను.

సంచులు కుట్టే అతను మాత్రం, "ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?" అని ఒకే ప్రశ్న అడిగాడు. చెప్పాను. పట్టకారుతో రన్నరు వెనక అంచులను రెండు పక్కలా మెల్లగా నొక్కాడు. జిప్పు పడింది. ఒక్కో పంటికి ఒక వైపు బుడిపె, ఇంకో వైపు గుంట ఉంటాయి. రన్నరు వాటిని దగ్గరికి తెచ్చి, ఒకదాని బుడిపెను ఎదుటిదాని గుంటలో కూర్చోబెడుతుంది. వాడగా వాడగా దాని నోరు వదులైతే ఆ ఒత్తిడి చాలదు. ఇదంతా కుడి పేజీలో రాసి, కింద "అడగకుండా మొదలుపెట్టాను" అని చేర్చాను.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. యేల్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు 2002లో ప్రచురించిన పరిశోధనలో జిప్పు, తాళం, కుట్టు మిషను లాంటివి ఎలా పనిచేస్తాయో తమకెంత తెలుసో చెప్పమని కొందరి చేత మార్కులు వేయించారు. తర్వాత అంచెలంచెలుగా వివరించమన్నారు. వివరించబోయాక వాళ్ళే తమ మార్కులు తగ్గించుకున్నారు. అందుకని, "నాకు తెలుసు" అనిపించిన ప్రతిదాన్నీ చిన్నపిల్లకు చెబుతున్నట్టు ఐదు వరుసల్లో ముందు రాసి చూడండి. పెన్ను ఆగిన చోట ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి ఎవరినైనా అడగండి.

మూడు నెలలకోసారి చిట్టాలోని పద్దులను ఆవర్జాలోకి ఎక్కించాలి, అంటే ఒకే రకం తప్పులన్నీ ఒక ఖాతా కిందికి చేర్చాలి. అసలు తెలివి ఇక్కడే పుడుతుంది. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు మొత్తాల్లో 27 తేడా వచ్చి మూడు రోజులు వెతికాను. పక్కనున్న పెద్దాయన పుస్తకం తెరవకుండానే, "తేడా తొమ్మిదితో తెగుతోందిగా, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి చూడు" అన్నారు. 63కు బదులు 36 వేశాను. తప్పుకూ ఒక ఆకారం ఉంటుంది. మొదటి ఏడాది నేను రాసిన 41 పద్దుల్లో 17 అడగకపోవడం కింద, 11 నలుగురి ముందు చిన్నబోకూడదన్న పంతం కింద తేలాయి. తొందరపాటే నా దోషమని అన్నేళ్ళూ అనుకున్నాను. దాని కింద పడినవి ఆరే.

అంకణా, అంటే ఖాతాల మొత్తాలు రెండు వైపులా సరిచూసే పట్టీ, కుదిరింది కదా అని మురిసిపోకండి. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేస్తే మొత్తాలు సరిపోతాయి, లెక్క మాత్రం తప్పే. ఒకసారి వేళ చూసుకోకుండా బయలుదేరి స్టేషనుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను. రైలు అరగంట ఆలస్యం. హాయిగా ఎక్కి కూర్చుని, నా సమయపాలనను నేనే మెచ్చుకున్నాను. ఇలా గట్టెక్కిన మూర్ఖత్వాన్ని కూడా రాయాలి. ఎవరూ రాయనివి ఇవే.

ఏ ఖాతా దానిదేనని కూడా గుర్తుంచుకోండి. న్యూటన్ గురుత్వాకర్షణను లెక్కగట్టినవాడు, పైగా 1699 నుంచి ఇంగ్లండు టంకశాల అధిపతి. సౌత్ సీ అనే ఇంగ్లండు వ్యాపార కంపెనీలో తనకున్న వాటాలను 1720లో లాభానికి అమ్మి బయటపడ్డాడు. ధర ఇంకా ఎగబాకుతుంటే ఆగలేక మళ్ళీ ఎక్కువకు కొని భారీగా నష్టపోయాడు. గణితం ఖాతాలో ఎంత జమ ఉన్నా, ఆశ ఖాతాలోకి ఒక్క పైసా బదిలీ కాలేదు. నా ఆవర్జాలోనూ లెక్కల కింద పద్దులు దాదాపు లేవు, మరమ్మతుల కింద చోటు చాలడం లేదు.

ఇతరుల మూర్ఖత్వం రాయవద్దు. మా బావమరిది పేరిట ఒక పేజీ తెరిస్తే వారంలో నిండిపోయింది. చింపకూడదన్న నియమం నాదే కనుక, దాని కింద "ఇది నా పద్దు" అని రాసి సంతకం పెట్టాను.

చివర నాలుగు పేజీలు అనామతు ఖాతాకు వదిలేయండి. ఎక్కడ వేయాలో తేలని పద్దును లెక్కల్లో అక్కడ ఉంచుతాం. మూర్ఖత్వమో తెలివో తేలనివి కొన్ని ఉంటాయి, వాటిని బలవంతంగా ఏదో ఒక వైపు తోయకండి. నా అనామతులో మొదటి పద్దు, ముప్పై ఒకటో ఏట వచ్చిన పై ఉద్యోగం దూరమని వదులుకోవడం. ఏడేళ్ళుగా అక్కడే ఉంది. మొన్న మా ఆవిడ ఆ పేజీ చదివి, కళ్ళజోడు సవరించుకుని పెన్ను అడిగింది. ఇంకా ఇవ్వలేదు.