శాక్సఫోన్‌లో మంద్రం పలకకపోతే గట్టిగా ఊదకండి

విజయనగరం పెళ్లి ఊరేగింపుల్లోనో, పైడితల్లమ్మ జాతర రోజుల్లోనో డప్పుల హోరు మధ్య మూడు నాలుగు గంటలు ఊదితే, మర్నాడు లో సీ (కింది స్థాయి సీ స్వరం) దగ్గరికి వచ్చేసరికి శాక్సఫోన్ గురగురమంటుంది. నలుగురికీ వినపడాలని కింది పెదవి బిగించి ఊదడమే దీనికి మూలం. పై స్వరాలు ఆ బిగువును ఓర్చుకుంటాయి గానీ మంద్రం, అంటే కింది స్థాయి, ఓర్చుకోదు. ఇంకాస్త గట్టిగా ఊదితే స్వరం పై స్థాయికి ఎగిరిపోతుంది.

తప్పు మీ ఊపిరిదో వాద్యానిదో ముందు తేల్చుకోండి. లో బీ ఫ్లాట్ పలకాలంటే దాదాపు రంధ్రాలన్నీ గాలి పోకుండా మూసుకోవాలి. పైన ఎక్కడ చిన్న సందు మిగిలినా అది ఆక్టేవ్ కీ (స్వరాన్ని ఒక స్థాయి పైకి లేపే మీట) చేసే పనే చేసి స్వరాన్ని పైకి తోసేస్తుంది. ఎక్కువగా మోసం చేసేది జీ షార్ప్ ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్తటి మూత). లో బీ, లో సీ షార్ప్, లో బీ ఫ్లాట్ మీటలు నొక్కినప్పుడు జీ షార్ప్ మీట కూడా కదులుతుంది. అయినా కుడిచేతి వేళ్లు మూసి ఉన్నంతసేపు ఆ ప్యాడ్ లేవకూడదు. ఎఫ్ ఊదుతూ జీ షార్ప్ మీట నొక్కి చూడండి. స్వరం మారినా, బలం తగ్గినా ఆ ప్యాడ్‌ను అదిమి ఉంచే చిన్న సర్దుబాటు స్క్రూ వదులైందన్నమాట. కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ మళ్లీ ఊది చూడాలి. ఎక్కువ బిగిస్తే ఈసారి ఎఫ్ వైపు ప్యాడ్‌లు పూర్తిగా మూసుకోవు.

మిగతా ప్యాడ్‌లకు సిగరెట్ పేపర్ చాలు. సన్నటి ముక్క ప్యాడ్ కింద పెట్టి, మీట మెల్లగా మూసి లాగండి. చుట్టూ నాలుగు వైపులా ఒకే పట్టు తెలియాలి. ఒక పక్క జారిపోతే గాలి పోతున్నది అక్కడే. ప్యాడ్ మార్చడం మాత్రం రిపేరు చేసేవాళ్ల పని, ఇంట్లో జిగురు పూయొద్దు.

వాద్యం బాగుందని తేలాక సాధన. ముందు మెడ పట్టీ ఎత్తు సరిచేసుకోండి. మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే భాగం) నోటి దగ్గరికి రావాలి, మెడ దాని కోసం వంగకూడదు. తర్వాత మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని, ఫోన్లో ట్యూనర్ పెట్టి ఊదండి. ఆల్టో రకం శాక్సఫోన్ మౌత్‌పీస్‌కు 880 హెర్ట్జ్ దరిదాపు 'ఏ' (A) స్వరం రావాలి. బీ, సీ వైపు వెళ్తోందంటే దవడ బిగించి మౌత్‌పీస్‌ను కొరుకుతున్నారు. 'ఓ' అన్నప్పటిలా నోటి లోపల చోటిచ్చి, కింది దవడ వదులు చేసి స్వరాన్ని 'ఏ' (A) దగ్గరికి దించండి. ఈ రెండు నిమిషాలు చాలామంది మానేస్తారు. నిజానికి మంద్రం బాగుపడేది ఇక్కడే.

ఇక దీర్ఘస్వరాలు. మెట్రోనోమ్ 60లో పెట్టి, మధ్య జీని ఎనిమిది లెక్కలు పట్టి, నాలుగు లెక్కలు ఆగండి. ఒక్కో అర్ధస్వరం దిగుతూ రండి. ప్రతి స్వరం తర్వాత మళ్లీ జీకి వచ్చి, రెండింటి నాదం ఒకేలా ఉందో లేదో వినండి. దిగేకొద్దీ దవడ కదపొద్దు. గాలిని తగ్గించకుండా వేడిగా, వెడల్పుగా పంపండి, చల్లటి అద్దం మీద ఆవిరి ఊదినట్టు. డీ దగ్గరే విరిగితే ఆ రోజు సీకి దిగొద్దు, డీ నిలిచేదాకా అక్కడే ఉండండి. లో బీ, బీ ఫ్లాట్‌లకు ఎడమ చిటికెన వేలు చాచినప్పుడు ఉంగరపు వేలు తెలియకుండా లేస్తుంది. అద్దంలో చూసుకోండి.

నాలుక కూడా ఇబ్బంది పెడుతుంది. మొదట నాలుక తగలకుండా 'హూ' అని ఊపిరితోనే లో సీ మొదలుపెట్టండి. పది సార్లలో ఎనిమిది సార్లు వెంటనే పలికితే అప్పుడు మెత్తగా 'తూ' కలపండి. తర్వాత ఆక్టేవ్ కీతో మధ్య డీ పట్టి, గాలి ఆపకుండా బొటనవేలు ఒక్కటే తీసి లో డీకి జారండి. మధ్యలో 'టక్' మని తెగితే పెదవి బిగువు ఇంకా పోలేదు. లో బీ ఫ్లాట్ వేళ్లు పెట్టి, వేళ్లు కదపకుండా పై బీ ఫ్లాట్, ఆపైన ఎఫ్ తెప్పించగలిగితే గొంతు లోపలి ఆకారం మీ చేతికి వచ్చినట్టే.

చివర్లో సరళీ వరసలు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊళ్లో అవి నేర్పేవాళ్లకు కొదవ లేదు. ఆల్టోకు శ్రుతిపెట్టెను రెండున్నర శ్రుతికి పెట్టండి, మీ సీ దానితో కలుస్తుంది. లో సీనే షడ్జంగా పట్టి మాయామాళవగౌళ రాగంలో ఆ వరసలను మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, వాయించండి. రెండో కాలం తొందరేమీ లేదు.

స్వరం వణుకుతుంటే బెల్ (వాద్యం చివర విచ్చుకున్న భాగం) అడుగున మౌత్‌పీస్ మూత వేసే చిట్కా ఒకటి ఉంది. కచేరీ రోజు గడుస్తుంది గానీ రోజూ వేస్తే గాలి పోతున్న చోటు ఎప్పటికీ దొరకదు.

రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించే పలుచటి రెల్లు ముక్క) విషయం: మొదట రెండు లేదా రెండున్నర నంబరు గట్టితనం చాలు. మెత్తటిది మరీ నొక్కుకుపోతే మంద్రం మూసుకుపోతుంది, గట్టిదైతే మళ్లీ కొరకడం మొదలవుతుంది. మన కోస్తా తేమకు రీడ్‌ను మౌత్‌పీస్ మీదే వదిలేస్తే బూజు పట్టి, కొన అలలుగా వంకర తిరుగుతుంది. ఊదడం అయ్యాక తుడిచి, చదునైన పెట్టెలో ఆరబెట్టండి.