విదేశీ పాత కారు: అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోవాల్సినవి

ముందు తయారీ తేదీ చూడండి. మూడేళ్లు దాటిన పాత కారును మన దేశంలోకి రానివ్వరు. లెక్క తయారైన రోజు నుంచే, అమ్ముడైన రోజు నుంచి కాదు. షోరూమ్‌లో నెలల తరబడి పడున్న బండి ఇక్కడే ముంచుతుంది. స్టీరింగ్ కుడివైపు, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. దుబాయ్, అమెరికా బండ్లు చాలావరకు స్టీరింగ్ దగ్గరే ఆగిపోతాయి. దించుకోవడం ముంబై రేవులోనే.

బేరమాడి చవగ్గా కొన్నాం కదా, సుంకమూ తగ్గుతుందనుకోకండి. కస్టమ్స్ వాళ్లు మామూలుగా కొత్తప్పటి ధర నుంచి తరుగు తీస్తారు: ప్రతి మూడు నెలలకూ మొదటి ఏడాది 4 శాతం, రెండో ఏడాది 3, మూడో ఏడాది 2.5. మూడేళ్లు నిండినా తగ్గేది 38 శాతమే! దానికి ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి సుంకం వేస్తారు.

రేవు వదిలే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం)లోని ఛాసిస్ నంబరును బండి మీదున్న దానితో అక్షరం అక్షరం పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆర్టీవో ఫారం 20ని, అంటే రిజిస్ట్రేషన్ దరఖాస్తును, తిప్పి పంపుతారు. దిద్దాల్సింది మళ్లీ కస్టమ్సే. లైఫ్ ట్యాక్స్ సాధారణంగా సుంకం కలిసిన ధర మీద పడుతుంది, ఆ డబ్బు విడిగా ఉంచుకోండి.