అవకలజాల గుర్తులతో ప్రమేయానికి గ్రాఫు గీయడం

ఒక ప్రమేయానికి గ్రాఫు గీయమంటే చాలామంది విద్యార్థులు ఎక్స్‌కు సున్న, ఒకటి, రెండు అని వరుసగా విలువలు ఇచ్చి, వచ్చిన బిందువులను పెన్సిలుతో కలుపుకుంటూ పోతారు. సరళరేఖకు అది చాలు, పరావలయానికి కూడా కొంతవరకు పనికొస్తుంది. కానీ వై = ఎక్స్³ / (ఎక్స్² − 3) అనే ప్రమేయాన్ని తీసుకుని అదే పని చేసి చూడండి. ఎక్స్ విలువ 0 అయితే 0, 1 అయితే −0.5, 2 అయితే 8 వస్తాయి. ఈ మూడింటినీ కలిపితే వక్రం ఒకటి నుంచి రెండు వరకు ఏకబిగిన పైకి ఎక్కినట్టు కనిపిస్తుంది. నిజానికి సున్నకూ మూడుకూ మధ్య ఈ వక్రం ఏ చిన్న ముక్కలోనూ పైకి ఎక్కదు. బిందువులు అబద్ధం చెప్పలేదు. వాటి మధ్య ఏం జరుగుతోందో చెప్పడం వాటి వల్ల కాదు, అంతే. ఆ సంగతి చెప్పేవి అవకలజాల గుర్తులు, అంటే ప్రమేయం మారే రేటు ధనమా, రుణమా అన్నది.

లెక్కలోకి దిగే ముందు అవకలజం ఏం చెబుతుందో ఒకసారి కళ్లతో చూడటం మంచిది. విశాఖలో ఉన్నవారికి అందుకు సముద్రమే ఆధారం. ఈ తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అలలు ఎగసిపడే ఆర్కే బీచ్‌లో కన్నా, ఫిషింగ్ హార్బర్ వంటి నిశ్చలమైన చోట జెట్టీ స్తంభం మీది తడి గీతను గమనిస్తే ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. నీటిమట్టం కాలానికి ప్రమేయం. ఆ మట్టం మారే రేటు దాని మొదటి అవకలజం. నిండు పోటు సమయంలో నీరు కాసేపు కదలనట్టే ఉంటుంది, ఎందుకంటే అక్కడ అవకలజం సున్న. అంతకుముందు ధనాత్మకంగా ఉన్నది ఆ తర్వాత రుణాత్మకం అవుతుంది. నీరు అన్నిటికన్నా వేగంగా పెరిగేది ఆటుకూ పోటుకూ దాదాపు నడిమధ్యన. అక్కడ రెండో అవకలజం, అంటే ఆ రేటు తాను మారే రేటు, సున్న అయి, గుర్తు మారుతుంది. దాన్నే ఇన్‌ఫ్లెక్షన్ బిందువు అంటాం. ప్రమేయం ఎత్తును, మొదటి అవకలజం దిశను, రెండో అవకలజం వంపును చెబుతాయి. గ్రాఫు గీయడమంటే ఈ మూడు సమాధానాలనూ ఒకే కాగితం మీదకు తేవడం.

ఇక మన ప్రమేయానికి వద్దాం. అవకలనం చేయడానికి తొందరపడకుండా, ముందు ప్రమేయాన్నే పరిశీలించాలి. హారం సున్న అయ్యేది ఎక్స్ = √3, ఎక్స్ = −√3 వద్ద, అంటే సుమారు 1.73, −1.73 వద్ద. ఈ రెండూ ప్రదేశంలో, అంటే ప్రమేయం నిర్వచితమయ్యే ఎక్స్ విలువల్లో, ఉండవు. అక్కడ లవం సున్న కాదు కాబట్టి రెండు చోట్లా నిలువు అనంత స్పర్శరేఖలు, అంటే వక్రం దూరంగా సాగేకొద్దీ చేరువయ్యే గీతలు, ఉంటాయి. ఎక్స్ బదులు −ఎక్స్ రాస్తే మొత్తం విలువకు గుర్తు మాత్రమే మారుతుంది. కనుక ఇది బేసి ప్రమేయం, మూలబిందువు చుట్టూ సౌష్ఠవం ఉంటుంది, సగం శ్రమ ఇక్కడే తగ్గుతుంది. లవాన్ని హారంతో భాగిస్తే వై = ఎక్స్ + 3ఎక్స్ / (ఎక్స్² − 3) అని వస్తుంది. ఎక్స్ చాలా పెద్దదైనప్పుడు రెండో పదం సున్నకు చేరువవుతుంది కాబట్టి వై = ఎక్స్ అనే గీత ఏటవాలు అనంత స్పర్శరేఖ అవుతుంది. ఈ భాగహారాన్ని చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే గ్రాఫు చివర్లు ఎటు పోతాయో ఊహించుకోవలసి వస్తుంది.

ఇప్పుడు మొదటి అవకలజం కట్టి, తప్పకుండా కారణాంకాలుగా విడదీయాలి. వచ్చేది ఎక్స్²(ఎక్స్² − 9) / (ఎక్స్² − 3)². విడదీయకుండా వదిలిన అవకలజం నుంచి గుర్తు చదవడం కష్టం. విడదీశాక చూడగానే తెలుస్తుంది. హారం వర్గం, ఎక్స్² కూడా వర్గం, కనుక గుర్తును నిర్ణయించేది ఎక్స్² − 9 ఒక్కటే. ఎక్స్ మూడు కన్నా ఎక్కువైనా, −3 కన్నా తక్కువైనా అవకలజం ధనాత్మకం, ప్రమేయం ఆరోహణం. ఆ రెండింటి మధ్య, ప్రమేయం నిర్వచితమై ఉన్న ప్రతి అంతరంలోనూ అది అవరోహణం. ఇక్కడ “ప్రతి అంతరంలోనూ” అన్న మాట ముఖ్యం. అవకలజం గుర్తును బట్టి ఆరోహణ, అవరోహణలు నిర్ణయించే హక్కు మనకు లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం నుంచి వస్తుంది; వక్రం మీది రెండు బిందువులను కలిపే గీత వాలు, వాటి మధ్య ఏదో ఒక చోటి అవకలజానికి సమానమని అది చెబుతుంది. ఆ సిద్ధాంతం వర్తించాలంటే అంతరంలో వక్రం ఎక్కడా తెగకూడదు. అందుకే −3 నుంచి 3 వరకు మొత్తంగా అవరోహణం అని రాస్తే తప్పు. −√3, √3 వద్ద విరిచి విడివిడిగా రాయాలి.

అవకలజం సున్న అయ్యేది −3, 0, 3 వద్ద. సున్న అయిన ప్రతిచోటా గరిష్ఠమో కనిష్ఠమో ఉంటుందని అనుకోవడం ఈ అధ్యాయంలో అతి సాధారణమైన పొరపాటు. మూడు వద్ద గుర్తు రుణం నుంచి ధనానికి మారుతుంది కాబట్టి అది స్థానీయ కనిష్ఠం, విలువ 4.5. −3 వద్ద ధనం నుంచి రుణానికి మారుతుంది కాబట్టి అది స్థానీయ గరిష్ఠం, విలువ −4.5. సున్న వద్ద అటూ ఇటూ రుణమే. స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది గానీ గరిష్ఠమూ లేదు, కనిష్ఠమూ లేదు. స్థానీయ గరిష్ఠ విలువ స్థానీయ కనిష్ఠ విలువ కన్నా తక్కువగా ఉండటం చూసి లెక్క తప్పిందని కొట్టేయకండి. “స్థానీయం” అంటే తన ఇరుగుపొరుగుతో పోల్చినప్పుడు మాత్రమే. వక్రం మధ్యలో తెగిపోయిన చోట ఇలా జరగడం సహజం.

రెండో అవకలజం 6ఎక్స్(ఎక్స్² + 9) / (ఎక్స్² − 3)³. ఇది ధనాత్మకమైతే వక్రం వెల్లకిలా పెట్టిన గిన్నెలా, రుణాత్మకమైతే బోర్లించిన గిన్నెలా వంగుతుంది. √3 దాటాక ధనం, సున్నకూ √3కూ మధ్య రుణం, −√3కూ సున్నకూ మధ్య ధనం, −√3కు ఎడమన రుణం. గుర్తు మూడు చోట్ల మారినా ఇన్‌ఫ్లెక్షన్ బిందువు ఒక్కటే, అది మూలబిందువు. మిగతా రెండు చోట్ల వక్రం మీద అసలు బిందువే లేదు.

గరిష్ఠ, కనిష్ఠాలు తేల్చడానికి రెండో అవకలజ పరీక్షనే (మొదటి అవకలజం సున్న అయిన చోట రెండోది ధనమైతే కనిష్ఠం, రుణమైతే గరిష్ఠం అనే పద్ధతినే) నమ్ముకోవద్దని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. పరీక్ష రాసేటప్పుడు త్వరగా తేలుతుందని దాన్ని ఎక్కువగా వాడతారు గానీ, రెండో అవకలజం కూడా సున్న అయితే అది ఏమీ చెప్పదు. ఎక్స్⁴కు సున్న వద్ద కనిష్ఠం ఉంది, ఎక్స్³కు లేదు, రెండింటికీ అక్కడ రెండో అవకలజం సున్నే. మొదటి అవకలజం గుర్తు మారిందో లేదో చూసే పద్ధతి రెండు సందర్భాల్లోనూ సరైన జవాబే ఇస్తుంది.

ఇప్పుడు పెన్సిలు పట్టండి. అక్షాలు గీసి, ±1.73 వద్ద నిలువుగా, వై = ఎక్స్ వెంబడి ఏటవాలుగా చుక్కల గీతలు వేయండి. (3, 4.5), (−3, −4.5), మూలబిందువు పెట్టి, ఒక్కోదాని మీద చిన్న అడ్డగీత గీయండి, స్పర్శరేఖ అక్కడ అడ్డంగా ఉందని చేతికి గుర్తుచేసేది ఆ గీతే. కుడి ముక్క నిలువు చుక్కల గీత పక్కన చాలా ఎత్తు నుంచి దిగి, (2, 8) మీదుగా వచ్చి, మూడు వద్ద అడ్డగీతను తాకి, మళ్లీ లేచి వై = ఎక్స్‌కు పైనుంచే చేరువవుతుంది; ఎక్స్ 6 అయ్యేసరికి విలువ సుమారు 6.55. మధ్య ముక్క ఎడమ చుక్కల గీత పక్కన పైనుంచి దిగుతూ, మూలబిందువు వద్ద క్షణం అడ్డంగా సాగి, వంపు మార్చుకుని, కుడి చుక్కల గీత పక్కన అడుగుకు జారిపోతుంది. ఎడమ ముక్కను విడిగా లెక్కించనక్కర్లేదు, సౌష్ఠవం ఇచ్చేస్తుంది. పూర్తయ్యాక కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి. అదే బొమ్మ కనిపించకపోతే ఎక్కడో పొరపాటు ఉంది.

అభ్యాసానికి హారంలో ఒక్క గుర్తు మార్చి వై = ఎక్స్³ / (ఎక్స్² + 3) తీసుకోండి. మొదటి అవకలజం ఎక్స్²(ఎక్స్² + 9) / (ఎక్స్² + 3)², రెండోది −6ఎక్స్(ఎక్స్² − 9) / (ఎక్స్² + 3)³ అని మీకు రావాలి. నిలువు అనంత స్పర్శరేఖలు ఉండవు, గరిష్ఠ కనిష్ఠాలూ ఉండవు, ప్రమేయం అంతటా ఆరోహణమే. ఇన్‌ఫ్లెక్షన్ బిందువులు మాత్రం −3, 0, 3 వద్ద మూడు ఉంటాయి. వై = ఎక్స్ గీతకు ఈ వక్రం కుడివైపు కింద ఉంటుందో పైన ఉంటుందో భాగహారం చేసి మీరే తేల్చుకోండి.